పోపుల డబ్బా కంపెనీ

అమెరికాలోని ప్లేనోలో ప్రసూనవాళ్ళ అపార్ట్‌మెంట్ల మధ్య, ఈతకొలను పక్కన రెండు బెంచీలున్నాయి. ఎండ ముదరకముందే అక్కడికి ఆంధ్ర నుంచీ తెలంగాణ నుంచీ వచ్చిన అమ్మానాన్నలు చేరతారు. ఆరు నెలల కోసం వచ్చి, కారు నడపడం రాక, పిల్లలు ఆఫీసులకి పోయాక ఎటూ కదల్లేని వాళ్ళకి ఆ బెంచీలే ఊరు. 2010 మే నెలలో ప్రసూన తండ్రి సూర్యప్రకాశరావుగారు వచ్చిన వారానికే ఆ ఊరు కాస్తా పన్నుల కచేరీ అయిపోయింది. ఒకాయన పెన్షన్ మీద పన్ను గురించి అడిగితే, ఇంకొకావిడ ఫిక్సెడ్ డిపాజిట్ వడ్డీ గురించి అడిగేది. అడిగినవాళ్ళ మాట పూర్తి కాకముందే ఆయన జవాబు సిద్ధంగా ఉండేది.

అది ఆయన వృత్తి. ఇన్‌కంటాక్స్ శాఖలో గుమాస్తాగా చేరి, మెట్టు మెట్టుగా పరీక్షలు రాసుకుంటూ ఆఫీసరై, రాజమండ్రిలో రిటైరయ్యారు. ఆయన చూసిన ఫైల్లో తప్పు దొరికిందని పైవాళ్ళెవరూ అనలేదు. పుల్లట్లలో ఉప్పు దగ్గర్నుంచి పరదేశ రాజకీయాల దాకా ఆయనకి అభిప్రాయం లేని విషయం లేదు. తెలీదనే మాట మాత్రం ఆ నోట ఎవరూ వినలేదు. "మీ నాన్నకి రానిది అదొక్క ముక్కేనే" అని ప్రసూన తల్లి నవ్వేది. ఆవిడ పోయి మూడేళ్ళయింది. ఇప్పుడా మాట అనేవాళ్ళు కూడా లేరు.

కూతురు జ్ఞానప్రసూనకి తండ్రి మాట అంటే చిన్నప్పట్నుంచీ గురి. కాలేజీలో చేరే గ్రూపు దగ్గర్నుంచి కారు ఇన్సూరెన్సు దాకా ప్రతి కాగితం ఆయన కంటపడాల్సిందే. ఆయన వచ్చిన దగ్గర్నుంచీ పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన ఏదో ఒక కాగితం పెట్టేది. "ఒకసారి చూడండి నాన్నా" అనేది. ఆయన కళ్ళజోడు సవరించుకుని, కాఫీ చల్లారిపోయేదాకా చదివేవారు. మోకాళ్ళ నొప్పులతో రెండో అంతస్తు మెట్లెక్కలేక అవస్థ పడే మనిషికి, ఆ పది నిమిషాలు మాత్రం ఏ నొప్పీ ఉండేది కాదు.

ప్రసూనకి అప్పటికి ఆర్నెల్ల ముందే గ్రీన్ కార్డు వచ్చింది. అంతకు ముందు ఓ కన్సల్టెన్సీ కింద సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని చేసేది. క్లయింటు గంటకింతని ఇస్తే, అందులో పెద్ద ముక్క మధ్యలో కన్సల్టెన్సీ కొరుక్కునేది. క్లయింటేమో విడి మనుషులతో కాంట్రాక్టు రాసుకోదు, కంపెనీతోనే రాసుకుంటుంది. అప్పుడు రవికాంత్‌కి ఆలోచన వచ్చింది. కరీంనగర్ కుర్రాడు, ప్రసూనతో పాటే పనిచేస్తాడు. గ్రీన్ కార్డులొచ్చిన అయిదుగురం కలిసి ఒక కంపెనీ పెట్టుకుందాం, ఎవరి పని వాళ్ళది, ఎవరి సంపాదన వాళ్ళది, పైకి మాత్రం కంపెనీ ఒకటే అన్నాడు. ఏప్రిల్లో పెట్టేశారు. దానికి గ్లోబల్ అనీ సొల్యూషన్స్ అనీ ఏదో పొడుగాటి పేరుంది. ప్రసూన మాత్రం పోపుల డబ్బా అనేది. లోపల గిన్నెలు వేటికవే, మూత ఒక్కటే. ఆ పేరే అందరి నోళ్ళలో స్థిరపడింది.

జూన్‌లో ఒక శనివారం ప్రసూన ఇంట్లో భోజనాలయ్యాక రవికాంత్, సుందర్ రాజ్‌తో మాట్లాడుతున్నాడు. సుందర్ రాజ్‌ది నరసాపురం. ఆదివారం తెలుగు చర్చిలో కీబోర్డు వాయిస్తాడు, అయిదుగురిలో అతనొకడు.

"మూణ్ణెల్లకోసారి టాక్స్ కట్టాలని ఎవరో చెప్తున్నరు బ్రదర్. మనకి వర్తిస్తదో లేదో. ఒక సీపీఏని, అదే ఇక్కడి ఆడిటర్ని, కలుస్త" అన్నాడు రవికాంత్.

సోఫాలో కునుకు తీస్తున్నట్టు కనిపించిన సూర్యప్రకాశరావుగారు కళ్ళు తెరిచారు.

"పార్ట్‌నర్‌షిప్ డీడ్ ఉందా బాబూ?"

ఉందన్నాడు రవికాంత్. ఆపరేటింగ్ అగ్రిమెంట్ అంటారు అంకుల్ అన్నాడు. ఏమన్నా డీడ్ డీడే అన్నారాయన. దాన్ని ప్రింటు తీయించి, పక్కన పెన్సిలు గీతలు పెట్టుకుంటూ వారమంతా చదివారు. మరుసటి శనివారం మజ్జిగన్నం ముగించి, చెయ్యి కడుక్కొచ్చి తీర్పు చెప్పారు.

"ఇది భాగస్వామ్య సంస్థ. లాభం మీద పన్ను సంస్థ కట్టుకుంటుంది. అలా కట్టాక పంచిన వాటా మీద భాగస్తుడికి మళ్ళీ పన్నుండదు. నెలనెలా పది శాతం కంపెనీ ఖాతాలో ఉంచుతున్నారు కదా, అందుకే అది. ఒకే డబ్బు మీద రెండుసార్లు పన్ను వెయ్యడం ఏ దేశంలోనూ న్యాయం కాదు. మీ చేతికొచ్చింది మీదే."

అంత స్పష్టంగా చెప్పే మనిషి దొరికితే ఎవరికి మాత్రం ఇంకొకడి దగ్గరికి పోవాలనుంటుంది? రవికాంత్ సీపీఏని కలవలేదు. ఆయన చెప్పింది మన దేశంలో అక్షరాలా నిజం. ఆ పద్ధతి వచ్చిన కొత్తల్లో రాజమండ్రి వ్యాపారులకి మీటింగులు పెట్టి మరీ వివరించింది ఆయనే. అందుకే గొంతులో తొణుకు లేదు. ఎదుటి మనిషిని వంద ప్రశ్నలడిగే అలవాటున్న ఆఫీసరు, ఆ పది శాతం దేనికని ఒక్క ప్రశ్న ఆ రోజు అడగలేదు. అది ఇన్సూరెన్సుకీ, ఖర్చులకీ ఉంచుతున్న డబ్బు.

ప్రసూన అప్పటిదాకా నెలనెలా కొంత తీసి, ఎందుకైనా మంచిదని వేరే ఖాతాలో వేస్తోంది. ఆ శనివారం తర్వాత ఆ ఖాతాని చూసే చూపే మారిపోయింది. భర్త ఫణికుమార్‌ది ఉద్యోగం. అతను దాచినదానికి ఇది కలిపితే ఒక ఇంటికి డౌన్ పేమెంట్ సరిపోతుంది. సెప్టెంబర్లో ఇల్లు దొరికింది. కింద ఒక పడకగది, దానికి ఆనుకునే బాత్రూము, కిటికీలోంచి వెనక పెరడు కనిపిస్తుంది.

"ఇది మీ గది నాన్నా. మెట్లెక్కక్కర్లేదు. వచ్చే ఏడు వచ్చినప్పుడు ఆర్నెల్లూ ఇక్కడే" అంది ప్రసూన.

ఆయన పైకేమీ అనలేదు. గది నాలుగు మూలలూ తిరిగి, కిటికీ తలుపు రెండుసార్లు తీసి వేసి చూశారు. మర్నాడు బెంచీ దగ్గర మాత్రం ఆ గది సంగతి అందరికీ చెప్పారు. వినని వాళ్ళకి మళ్ళీ చెప్పారు. ఉద్యోగమంతా అద్దె ఇళ్ళలో గడిపి, రిటైరయ్యాక రెండు గదుల ఫ్లాటు కొనుక్కున్న మనిషికి, కూతురు తన కోసం గది ఉన్న ఇల్లు వెతకడం ఎంత ఆనందమో ఆయనకే తెలుసు.

అక్టోబరు మధ్యలో పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన కాగితం రావడం ఆగిపోయింది. మొదటిరోజు ఆయన పట్టించుకోలేదు. తర్వాత కూడా రాలేదు. ప్రసూన ఆఫీసు సంచీ జిప్పు పూర్తిగా వేసి ఉంటోంది. రిజిస్ట్రేషను రోజు దగ్గర పడుతున్నా ఇంటి మాటే ఎత్తడం లేదు. ఆయనే అడిగారు.

"ఏమ్మా, ఇల్లేమైంది?"

"అది వద్దనుకున్నాం నాన్నా. నీహారిక స్కూలుకి దూరం" అంది గిన్నెలు సర్దుతూ.

నీహారిక ఆ పక్కనే తింటోంది. ప్రసూన కూతురు, తొమ్మిదేళ్ళ పిల్ల. "No, తాతయ్య, స్కూల్ close. Walk చేసి వెళ్ళొచ్చు" అంది.

ఉద్యోగంలో ఎంతమంది షావుకార్లు ఎన్ని రకాల అబద్ధాలు చెప్పగా విన్నారో ఆయన. డబ్బు దాచడానికి చెప్పే అబద్ధం ఎలా ఉంటుందో ఆయనకి బాగా తెలుసు. ఈ అబద్ధం అలాంటిది కాదు. కూతురు మొహంలో కనపడుతున్నది భయం కాదు, జాలి. ఆయన మీద జాలి. అది అర్థమయ్యాక కాఫీ గ్లాసు పక్కన పెట్టేశారు.

"నీహారికా, నువ్వు లోపలికెళ్ళి బొమ్మలేసుకో తల్లీ" అన్నారు. పిల్ల వెళ్ళాక, "ఇప్పుడు చెప్పు" అన్నారు.

ప్రసూన చెప్పింది. ఇంటికి అప్పిచ్చే బ్యాంకులో డోనా అనే ఆవిడ కాగితాలు చూస్తూ, ఈ ఏడాది ఇప్పటిదాకా కట్టిన పన్ను రసీదులడిగింది. మా కంపెనీ కడుతుందంది ప్రసూన. ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసి, ఎవరైనా అకౌంటెంటుని కలవమ్మా అంది. ప్రసూన కలిసింది. కంపెనీ ఏమీ కట్టదట. ఎవరిది వాళ్ళే కట్టాలట. జూన్‌లో ఒక వాయిదా, సెప్టెంబర్లో ఒక వాయిదా తప్పిపోయాయి. అవి కట్టి, రాబోయే దానికి ఉంచితే, ఆ ఖాతాలో ఇంటికి మిగిలేది ఏమీ లేదు.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"ఏమని చెప్పను నాన్నా" అంది ప్రసూన.

ఆ సాయంత్రమే కూతురితో కారెక్కి అకౌంటెంటు దగ్గరికి వెళ్ళారు. పేరు క్రిస్టీ. తల్లిదండ్రులు భీమవరం నుంచి వచ్చినవాళ్ళు, తను మాత్రం పుట్టింది ఇక్కడే. ముప్ఫయ్యేళ్ళుంటాయేమో. తెలుగు మాట్లాడుతుంది కానీ ప్రతి మాటనీ ఇంగ్లీషు నాలుకతో ఒత్తుతుంది.

"అంకుల్, ఇండియాలో firm కడుతుంది. ఇక్కడ ఇలాంటి కంపెనీ, LLC అంటాం, టాక్స్ కట్టదు. రిటర్న్ ఫైల్ చేస్తుంది, ఎవరి share ఎంతో గవర్నమెంట్‌కి చెప్తుంది, అంతే. కట్టడం మెంబర్స్ పని."

"మూత ఏమీ కట్టదంటావు. గిన్నెలే కడతాయి" అన్నారాయన.

ఆ పిల్లకి అర్థం కాలేదు. ప్రసూన నవ్వబోయి ఆగిపోయింది.

"ఇంకోటి అంకుల్. ఉద్యోగం అయితే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్‌కి, అంటే retire అయ్యాక పెన్షన్‌కి, హాస్పిటల్ ఖర్చులకి, సగం కంపెనీ ఇస్తుంది, సగం మన జీతంలో cut చేస్తారు. ఇక్కడ కంపెనీ, వర్కర్ రెండూ ప్రసూనగారే. అందుకని రెండు సగాలూ ఆవిడవే. అది మామూలు టాక్స్ కాకుండా extra."

"డబ్బు కంపెనీలోనే వదిలేసి, చేతికి తీసుకోకపోతే?"

"మీ share అయితే, తీసుకోకపోయినా కట్టాలి."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. తీసుకోని డబ్బుకి పన్నేమిటని గొడవ పెట్టుకోబోయారు. అంతలోనే, ఇది ఎవరి దేశం, ఎవరి చట్టం అన్న సంగతి గుర్తొచ్చింది. ఆ అమ్మాయి చెప్పింది తర్కానికి నిలుస్తోంది కూడా. డబ్బు మీద పన్ను ఒక్కసారే పడుతోంది. ఏ చేత్తో కట్టాలన్నదే తేడా. ఆ తేడా అడగాలని తనకెందుకు తోచలేదో ఆయనకి ఎంత ఆలోచించినా అంతు పట్టలేదు. తెలిసినవాణ్ణన్న ధీమా తప్ప వేరే కారణం కనపడలేదు.

"ఆలస్యానికి జరిమానా పెద్దదా తల్లీ?"

"చిన్నదే అంకుల్, వడ్డీలాంటిది. కానీ ఎంత late అయితే అంత పెరుగుతుంది. మిగతా మెంబర్స్ కూడా కట్టలేదా?"

ప్రసూన తల వంచుకుంది. తిరుగు దారిలో కారు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆయన ఆ ప్రశ్నే మళ్ళీ వేశారు. మిగతా నలుగురికీ చెప్పావా?

"లేదు నాన్నా. మీరు వెళ్ళాక చెబుదామనుకున్నాను. ఎలాగూ నవంబరు మొదట్లో మీ ప్రయాణం. అప్పటిదాకా..."

"అప్పటిదాకా వాళ్ళ చేతిలో డబ్బు ఖర్చవుతూనే ఉంటుంది."

"తెలుసు. కానీ అందరిముందూ మిమ్మల్ని తక్కువ చెయ్యడం నా వల్ల కాదు."

ఆకుపచ్చ లైటు పడింది. వెనక కారు హారన్ కొట్టేదాకా ప్రసూన కదల్లేదు. కింద గది పోయినందుకు ఆయనకి బాధ లేదని కాదు. దానికన్నా, తన పరువు కాపాడటం కోసం కూతురు నాలుగు కుటుంబాల్ని చీకట్లో ఉంచడానికి సిద్ధపడిందే, అదెక్కువ కుదిపింది. అంత నిక్కచ్చిగా పెంచిన పిల్ల. మెట్లెక్కుతూ మధ్యలో ఆగి, కమ్మీ పట్టుకుని, "శనివారం అందర్నీ భోజనానికి పిలువు" అన్నారు.

శనివారం వచ్చారు. పులిహోర, వంకాయ కూర, సుందర్ రాజ్ భార్య మణి తెచ్చిన రొయ్యల వేపుడు వేరే బల్ల మీద. వడ్డించకముందే ఆయన లేచి నిలబడ్డారు. భోజనాలయ్యాక చెబుదాం నాన్నా అని ప్రసూన గుసగుసలాడితే, తిన్నాక చెబితే తిన్నది ఒంటబట్టదు, ముందే చెప్పాలి అన్నారు.

"జూన్ నెలలో మీకొకటి చెప్పాను. అది తప్పు. ఇక్కడి కంపెనీ పన్ను కట్టదు. ఎవరి వాటా మీద వాళ్ళు, మూణ్ణెల్లకోసారి కట్టాలి. మన దేశంలో ఉన్నదే ఇక్కడా ఉంటుందనుకున్నాను. ఆ అమ్మాయి క్రిస్టీ నంబరు ప్రసూన ఇస్తుంది. సోమవారమే వెళ్ళండి."

రవికాంత్ ముందు తేరుకున్నాడు. "అరె, మీదేముంది అంకుల్. కంపెనీ పెట్టినోణ్ణి నేను. నేను పోయి అడగాల్సింది" అన్నాడు. మిగతా ఇద్దరూ ఫోన్లు తీసి లెక్కలు వేసుకుంటున్నారు. సుందర్ రాజ్ మాత్రం ప్లేటు కింద పెట్టేశాడు. కిందటి నెలే అతను కొత్త వ్యాను కొన్నాడు, చేతిలో ఉన్నదంతా డౌన్ పేమెంట్ కింద పెట్టి.

"అంకుల్, ఏమీ అనుకోకండి. రవి సీపీఏని కలుస్తానన్నాడు. మిమ్మల్ని ఎవరూ అడగలేదు. మీరు అడక్కుండా చెప్పారు" అన్నాడు.

ఫణికుమార్ ఏదో సర్దబోయాడు. ఆయన చేత్తో వారించారు.

"నిజమేనయ్యా. అడక్కుండానే చెప్పాను. నువ్వన్నదాంట్లో తప్పేమీ లేదు."

మణి మొగుడి భుజం మీద చెయ్యి వేసింది. కొంతసేపటికి అన్నాలు తిన్నారు. మాటలు తక్కువే గానీ తిన్నారు. వెళ్ళేటప్పుడు సుందర్ రాజ్ గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ చాలాసేపు తచ్చాడాడు. చివరికి, "నరసాపురంలో మా అమ్మ స్థలం ఒకటి అమ్ముతోంది అంకుల్. దాని మీద టాక్స్ ఎలా ఉంటుందో..." అని ఆగాడు.

అది ఆయన సొంత పెరడు లాంటి విషయం. నిద్రలో లేపి అడిగినా గడగడా చెప్పగలరు. ప్రసూన గుమ్మం దగ్గరే నిలబడి తండ్రి మొహం చూస్తోంది. ఆయన నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నారు.

"స్థలం మీ అమ్మగారు కొన్నదా, వారసత్వంగా వచ్చిందా?"

"అది కనుక్కోవాలి అంకుల్."

"కనుక్కో. కాగితాలు పంపమను. నేను సర్వీసు వదిలి ఏడేళ్ళయింది, ఈ మధ్య ఏం మారిందో నాకు తెలీదు. రాజమండ్రిలో మా ఆఫీసువాణ్ణి అడిగి చెబుతాను."

ఆయన తెలీదన్నారు. ప్రసూన అది విని లోపలికి వెళ్ళిపోయింది. వంటగదిలో నీళ్ళు వదిలి, తోమిన గిన్నెలే మళ్ళీ తోముతూ ఏడ్చింది. అమ్మ ఉంటే ఈ మాట విని ఎంత నవ్వేదో అనుకుంది.

ప్రయాణం రోజు పొద్దున పెట్టెలు గుమ్మం దగ్గర సిద్ధంగా ఉన్నాయి. అపార్ట్‌మెంటు అద్దె ఇంకో ఏడాదికి రాయించుకున్నారు. ఆయన కాఫీకి కూర్చుంటే, గ్లాసు పక్కన కాగితం ఉంది. దానికి ప్రసూన సంతకం చేసిన చెక్కు జతపరిచి ఉంది. తప్పిపోయిన పన్ను కడుతున్న కాగితమది. నిజానికి ఆ చెక్కే, కొనకుండా పోయిన ఇంట్లో ఆయన కింద గది.

"ఒకసారి చూడండి నాన్నా."

ఆయన కళ్ళజోడు తీశారు, తుడిచారు, పెట్టుకోలేదు.

"క్రిస్టీ చూసిందా?"

"చూసింది. అన్నీ సరిగ్గా ఉన్నాయంది."

"మరి నేనెందుకమ్మా ఇంక?"

"మీరు చూడందే పోస్టు చెయ్యబుద్ధి కాలేదు" అంది ప్రసూన. గ్లాసు కొంచెం పక్కకి జరిపి, కాగితాన్ని ఆయన ముందుకి తోసింది.

సూర్యప్రకాశరావుగారు కళ్ళజోడు పెట్టుకున్నారు. పేరు చూశారు, అక్షరాల్లో రాసిన మొత్తం చూశారు, అంకెల్లో రాసింది చూశారు. రెండూ కలిశాయి. ఇంకా చూస్తూనే ఉన్నారు. కాఫీ చల్లారిపోయింది.